సముద్రం కనిపించే గది

కాకినాడవాళ్లకీ పాండిచేరికీ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం యానాం. మా వూరికి 30 కిలోమీటర్ల లోపున, గౌతమి ఒడ్డున, తెలుగు తప్ప మరో మాట వినిపించని వూరది. అయినా దాని పెత్తనం మాత్రం 800 కిలోమీటర్ల పైచిలుకు దూరాన వున్న పాండిచేరిది. ఫ్రెంచివాళ్లున్న రోజుల్లోనూ అంతే, ఇప్పుడూ అంతే. పుదుచ్చేరి శాసనసభకు ప్రజలు ఎన్నుకునే 30 స్థానాల్లో ఒకటి యానాందే. ఇంగ్లీషువాళ్లు 1929లో శారదా చట్టం చేసి పసిపిల్లల పెళ్లిళ్లు కూడదన్నప్పుడు, గోదావరి జిల్లాలవాళ్లు ఆడపిల్లల్ని చంకనెత్తుకుని యానాం వెళ్లి మూడు ముళ్లూ వేయించుకుని వచ్చేవారు. ఫ్రెంచి గడ్డమీద ఆ చట్టం చెల్లదు గదా! మా అమ్మమ్మ యానాం కోడలయింది ఆ ధర్మమా అనే.

మా అమ్మ పుట్టింది అక్కడ. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వాన యానాంలో ఫ్రెంచి పెత్తనం ముగిసినప్పుడు ఆవిడకు ఏడేళ్లు. ఆ రోజు సంగతులేవీ ఆవిడకు జ్ఞాపకం లేవు. వీధిలోకి వెళ్లకుండా వాళ్లమ్మ తలుపుకి గొళ్లెం పెట్టిందనేది మాత్రం జ్ఞాపకం. ఇంట్లో ఏ కాయితం సంగతి వచ్చినా "పాండిచేరి నుంచి రావాలి" అనేవారట. ఒక స్థలం దస్తావేజు కోసం మా తాతగారు స్వయంగా పాండిచేరి వెళ్లి పదకొండు రోజులకు తిరిగి వచ్చారు. వస్తూ ఒక పింగాణీ గిన్నె పట్టుకొచ్చారు. దాని అంచు విరిగింది గాని గిన్నె ఇప్పటికీ మా వంటింట్లో వున్నది. అమ్మ అందులో ఉప్పు పోసుకుంటుంది.

"మా నాన్న చూసిన వూరు" అని ఈ ఏడాదిలో రెండు మూడు సార్లు అన్నది అమ్మ. ఆవిడకు ఇప్పుడు 78 ఏళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఇంతకంటే స్పష్టంగా ఆవిడ చేత ఏదైనా అడిగించడం బ్రహ్మతరం కాదు. అంచేత జనవరిలో పండుగ వెళ్లాక, నేనూ మా ఆవిడా, పన్నెండేళ్ల అమ్మాయీ, అయిదేళ్ల పిల్లవాడూ, అమ్మా బయలుదేరాం.

బస ఏర్పాటు నా వంతు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఈ రోజుల్లో హోటలు వెతకడమంటే ఫోను తెరిచి బొమ్మలు చూడటమే గదా. పసుపుపచ్చ గోడ, తెల్ల కిటికీ, దాని మీద కాగితపు పూల తీగ, కిటికీలోంచి నీలంగా సముద్రం. నేను మరేమీ చూడలేదు. "అమ్మ పడుకుని సముద్రం చూడవచ్చు" అన్నాను. మా ఆవిడ "ఎన్నో అంతస్తండీ?" అని ఒక్క ప్రశ్న వేసింది. "పాతకాలపు మేడ, ఎన్ని అంతస్తులుంటాయి?" అని కొట్టిపారేశాను. రోజుకు 6,500 రూపాయల చొప్పున మూడు రోజుల డబ్బు ముందుగానే కట్టేశాను.

చెన్నపట్నంలో రైలు దిగి, తూర్పు తీరపు రోడ్డు మీద 150 కిలోమీటర్లు టాక్సీలో వెళ్లాం. శుక్రవారం మధ్యాహ్నానికి పాండిచేరి చేరాం.

ఆ వూరి పటం తెలిస్తే బస వెతుక్కోవడం తేలిక, కనుక నాలుగు మాటలు చెబుతాను. పాత పట్నం కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. చుట్టూ బులివారులనే వెడల్పాటి రోడ్లు. లోపల వీధులన్నీ గళ్ల లుంగీలాగా నిలువూ అడ్డమూ తీర్చినట్టుంటాయి. 1693లో ఫ్రెంచివాళ్ల దగ్గర గుంజుకుని ఆరేళ్లు ఏలిన డచ్చివాళ్లు వేసిన కొలతలవి. మధ్యగా ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక కాలువ. దానికి తూర్పున, సముద్రం వైపు, తెల్లవాళ్ల పేట. అందరూ వైట్ టౌను అంటారు. పడమట తమిళుల పేట. కాలువ దగ్గర నుంచి సముద్రానికి తీరికగా నడిచినా పది నిమిషాలు. ఈ ఒక్క ముక్క నాకు ముందుగా తెలిసి వుంటే 6,500 మిగిలేది.

మరొక మాట. ఇంగ్లీషువాళ్లు 1761లో ఈ పట్నాన్ని నేలమట్టం చేశారు. ఇప్పుడు కనిపించేదంతా ఆ తరువాత మళ్లీ కట్టిందే. "మాది మూడువందల యాభై ఏళ్ల నాటి మేడ" అని ఏ హోటలువాడైనా అంటే వాదించకండి, విని వూరుకోండి.

మేము దిగిన మేడ బొమ్మలో వున్నట్టే వుంది; అబద్ధమేమీ లేదు. పసుపుపచ్చ గోడ వుంది, పూల తీగ వుంది. గది మటుకు రెండో అంతస్తులో. కింద నుంచి 22 మెట్లు ఎక్కితే ఒక మలుపు. అక్కడ నుంచి చెక్కమెట్లు మరి 19. ఈ రెండోవి ఇంచుమించు నిచ్చెనలాగా నిటారుగా వున్నాయి. లిఫ్టు లేదు. పాత కట్టడంలో లిఫ్టు పెట్టనివ్వరని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. కింది గది ఇవ్వమన్నాను. నిండిపోయాయన్నాడు. వేరే చోటికి పోతామంటే డబ్బు తిరిగి రాదన్నాడు.

అమ్మ ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక చెయ్యి నా భుజం మీద వేసి ఎక్కింది. మలుపు దగ్గర కూర్చుని "ఎంత చల్లగా వుందిరా ఇక్కడ!" అన్నది. చల్లదనానికి కూర్చోలేదని నాకు తెలుసు. పైకి వెళ్లాక గదినంతా చూసి "బాగుందిరా అబ్బాయీ" అన్నది.

మంచం ఎత్తుగా నాలుగు స్తంభాలతో రాజుల మంచంలాగా వుంది. అమ్మ ఎక్కడానికి కాళ్ల కింద పీట వెయ్యవలసి వచ్చింది. బాత్రూములోకి గడప దాటి మూడు మెట్లు దిగాలి. కింద నున్నటి రాయి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఇక సముద్రమా, కనిపించింది. ఎదురింటి రెండు నీళ్ల ట్యాంకుల సందున, ఆరవేసిన అంగవస్త్రమంత మేర.

సాయంత్రం అందరం బీచికి వెళదామన్నాం. "మీరు వెళ్లి రండి నాన్నా. నాకు ఇక్కణ్నుంచే కనిపిస్తోందిగా" అన్నది అమ్మ. మా ఆవిడ తానుంటానంటే ఒప్పుకోలేదు. పిల్లల్ని తీసుకుని మేము వెళ్లాం. సాయంత్రం ఆరు గంటల నుంచి మర్నాడు పొద్దున్న ఏడున్నర దాకా ఆ బీచి రోడ్డు మీద వాహనాలు రానివ్వరు. కిలోమీటరున్నర పొడవున జనం నడిరోడ్డు మీద నడుస్తున్నారు, పిల్లలు పరుగెత్తుతున్నారు, ముసలివాళ్లు పిట్టగోడ మీద కూర్చుని గాలి పీలుస్తున్నారు. ఎందరి మామ్మలో వున్నారక్కడ. మా మామ్మ లేదు.

రాత్రి తొమ్మిది దాటాక పక్క మేడ డాబా మీద పాటలు మొదలయ్యాయి. తమిళనాడు కంటే పుదుచ్చేరిలో మద్యం చవక. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి చెన్నపట్నం నుంచి కార్లు వరసగట్టి వస్తాయి. కుర్రవాళ్ల సరదాను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు; వాళ్ల కోసం కట్టిన చోటికి మేము వెళ్లి పడ్డాం, అంతే. పన్నెండున్నరకి పాటలు ఆగాయి.

తెల్లవారాక పిల్లవాడు నా పక్కకి వచ్చి రహస్యం చెబుతున్నట్టు అన్నాడు: "నాన్నా, మామ్మ నిన్నటినుంచీ నీళ్లు తాగటం లేదు. నా సీసాలోవి ఇస్తే వద్దంది. తన పాలు కూడా నాకే ఇచ్చేసింది."

ఆడవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. నాకు మా ఆవిడ చెబితే గాని బోధపడలేదు. నీళ్లు తాగితే బాత్రూముకి వెళ్లాలి. బాత్రూముకి వెళ్లాలంటే ఆ గడపా, ఆ మూడు మెట్లూ, ఆ నున్నటి రాయీ. రాత్రిపూట మమ్మల్ని లేపడం ఇష్టం లేక ఆవిడ నోరు కట్టుకుని కూర్చున్నది. పెదవులు ఎండిపోయి వున్నాయి. "దాహం లేదురా, సముద్రపు గాలి గదా" అన్నది.

మా ఆవిడ చెప్పులు వేసుకున్నది. "పదండి. ఇవాళ మీరు సముద్రాన్ని గురించి అడక్కండి. మెట్లను గురించి నేనడుగుతాను" అన్నది. పెద్దదాన్ని మామ్మ దగ్గర వుంచి, పిల్లవాణ్ని వెంటబెట్టుకుని బయలుదేరాం. శనివారం పొద్దున్న పాండిచేరిలో గది వెతకడమంటే శ్రావణమాసంలో బంగారం కొట్లో కుర్చీ వెతకడం లాంటిది. అయినా ఆ పూట తిరుగుడు వల్లనే ఆ వూరి బసల తీరు మాకు తెలిసింది. మీకైనా పనికివస్తుంది.

మొదట బీచి రోడ్డు దక్షిణపు కొసన వున్న పార్క్ గెస్టు హౌసుకి వెళ్లాం. అది అరవిందాశ్రమం వారిది. ఆశ్రమానికి ఇలాంటి అతిథి గృహాలు వూళ్లో మరికొన్ని వున్నాయి. ఈ పార్క్ గెస్టు హౌసు గదులన్నీ సముద్రం వైపుకే తిరిగి వుంటాయి. ముందు పచ్చటి తోట, ఆ తరువాత అలలు. మద్యం, పొగ పనికిరావు. రాత్రి వేళ మించితే గేటు మూసేస్తారు. హంగులేమీ వుండవు, శుభ్రం వుంటుంది. ఆ నియమాల పలక చదువుతుంటే మా ఆవిడ ముఖం వికసించింది. కుర్రకారుకు చెరసాలగా తోచేది సంసారులకు కోటగోడ. కాని గదులు ముందుగా రాసుకున్నవాళ్లకే పోయాయి. మీరు వెళ్లదలిస్తే, టిక్కెట్లు కొనకముందే అక్కడికి కబురు చెయ్యండి.

తరువాత డ్యూమా వీధిలోనూ, రొమా రోలా వీధిలోనూ రెండు మూడు మేడలు చూశాం. ఎంత అందమని! నడిమింట ఆకాశం కనిపించే మండువా, తెల్లటి స్తంభాలు, పన్నెండడుగుల తలుపులు. ఒక మేడలో కింది గదే ఖాళీగా వుంది. నేను సంచీ దింపబోతున్నాను. మా ఆవిడ మండువా మధ్యనున్న తామరకొలను వంక చూసింది, పిల్లవాడి వంక చూసింది. మొలలోతు నీళ్లు, చుట్టూ పిట్టగోడైనా లేదు. అప్పటికే వాడు ఒడ్డున బోర్లా పడుకుని చేపల్ని పిలుస్తున్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాం. ఆ ఇళ్లు కొత్త దంపతులకు మహా ముచ్చటగా వుంటాయి. పసిపిల్లలూ పెద్దవాళ్లూ వుంటే మటుకు కొలనూ, మెట్లూ, తాకితే పడిపోయే పాత పింగాణీ కూజాలూ తప్పించి ఏదీ కనిపించదు. కారులో వెళ్లేవాళ్లు మరొకటి అడగాలి: ఆ సన్నటి వీధుల్లో కారు ఎక్కడ పెట్టనిస్తారు?

బులివారుకి అవతల, అన్నా సాలై వైపున, పెద్ద హోటళ్లున్నాయి. లిఫ్టు వుంటుంది, ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్లుంటాయి, కారుకి చోటుంటుంది. చక్రాల కుర్చీలో వున్నవారిని తీసుకువెళ్లేటట్లయితే నేను వీటినే చెబుతాను, అందానికి ఒక మార్కు తగ్గినా సరే. చాలావాటికి కిందనో పైననో బారు వుంటుంది. దానికి దూరంగా వుండే అంతస్తు అడిగి పుచ్చుకుంటే ఇబ్బంది లేదు. ఆ పూట అక్కడా ఖాళీ లేదు. తూర్పు తీరపు రోడ్డు మీద ఇసుకా ఈతకొలనూ వున్న రిసార్టులు దొరుకుతాయని ఒక ఆటోవాడు చెప్పాడు. అవి వూరికి దూరం. ప్రతిదానికీ బండి కట్టుకోవాలి. మా అమ్మ వచ్చింది ఈతకొలను కోసం కాదు.

దారిలో ఒక వీధి చివర పలక చూసి ఆగిపోయాను. లాల్ బహదూర్ శాస్త్రి వీధికి పాత పేరు బుస్సీ వీధి. "ఏ బుస్సీ? బొబ్బిలి మీదికి వచ్చినవాడా?" అన్నది మా ఆవిడ. ఆయనే. 1757లో బొబ్బిలి కోట కింద ఫిరంగులు నిలిపిన మనిషి 1785లో ఈ వూళ్లోనే కన్నుమూశాడు. మన దేశంలో వీరగాథగా పాడుకునే కథలోని శత్రువు ఇక్కడ ఒక మామూలు వీధి పేరు; ఆ వీధిలో అరటిపళ్లూ మందులూ అమ్ముతున్నారు. పిల్లవాడు ఆకలి అన్నాడు, కాలువ దాటాం.

కాలువ దాటేసరికి వూరు మారిపోయింది. ఇడ్లీ ఆవిరి వాసన, మల్లెపూలు, గుడి గంట. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వున్నాయి. ప్రతి ఇంటి ముందూ అరుగు. వాళ్లు తిన్నై అంటారు. అరుగు మీదుగా వీధి వైపుకి స్తంభాల మీద వాలిన పెంకుల చూరు. దారినపోయేవాడు ఎండకూ వానకూ ఆగడానికి కట్టిన నీడ అది. వైశ్యాళ్ వీధిలో ఇలాంటి ఇళ్ల వరసనంతా బాగుచేసి నిలబెట్టినందుకు 2008లో యునెస్కో వారి వారసత్వ పురస్కారం వచ్చింది. ఆ పేటలో ఇప్పుడు కొన్ని ఇళ్లను అయిదారు గదుల బసలుగా చేశారు. బయట పెద్ద బోర్డులేమీ వుండవు.

అలాంటి ఒక ఇంట్లో మా ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. వీధిలోంచి గదిలోకి ఎన్ని మెట్లు? రెండు. బాత్రూముకి గడప వుందా? లేదు. తడి నేల జారుతుందా? తానే చెప్పులు విప్పి, చెంబెడు నీళ్లు పోసి, కాలితో రాసి చూసింది. కుర్చీలాంటి కమోడా, కింద కూర్చునేదా? మంచం ఎత్తెంత? మోకాలు దాకానా, పైనా? వేడినీళ్లు పొద్దున్న ఎన్ని గంటలకి? రాత్రి పిల్లవాడికి పాలు కాచుకోవాలంటే వంటింట్లో ఒక్క అయిదు నిమిషాలు పొయ్యి ఇస్తారా? అదనంగా ఒక పరుపు వేస్తే ఎంత? శనివారం రేటూ సోమవారం రేటూ ఒకటేనా? పక్కన ఏమున్నది? పక్కన ఒక దర్జీ కొట్టు, అవతల పప్పుల మిల్లు. "మిల్లు ఎప్పుడు ఆపుతారు?" "ఆరింటికి." 

ఇంటావిడ తమిళంలోనూ, మా ఆవిడ తెలుగులోనూ, ఇద్దరూ కాస్త ఇంగ్లీషులోనూ ఈ బేరమంతా నడిపారు. నేను కట్టిన 6,500 గదికి మా ఆవిడ ఇందులో ఒక్క ప్రశ్నే వేసింది. దానికి కూడా నేను జవాబు చెప్పనివ్వలేదు. ఇక్కడ రెండు గదులు కలిపి రోజుకు 2,200. అక్కడ వదిలేసిన డబ్బు సంగతి దారంతా తలుచుకున్నాను. మా ఆవిడ తలుచుకోలేదు. అది ఆవిడ మంచితనమని అనుకున్నాను గాని, ఇంటికి వచ్చాక ఇప్పటికి నాలుగుసార్లు తలుచుకున్నది.

ఒక్క చిన్న హెచ్చరిక. ఇలాంటి ఇళ్లలో గోడలు ఉమ్మడి. పక్కింట్లో తగువైతే మీకు వినిపిస్తుంది, మీ ఇంట్లో తగువైతే వాళ్లకు వినిపిస్తుంది. మధ్యాహ్నం భోజనం బయటే చెయ్యాలి. దగ్గర్లో శాకాహారం దొరికేచోట్లు చాలా వున్నాయి. పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ అడుగుతారు, అమ్మ ఆధారు కార్డుతో సహా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు వానలు. 2024 నవంబరు ఆఖరున ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా కురిసి వీధులు కాలువలయ్యాయి. ఆ నెలల్లో కింది గది కావాలంటే ఇంటావిణ్ని నీళ్లు ఎంతదాకా వచ్చాయో కూడా అడగండి. వానలు వెళ్లాక, ఎండలు ముదరకముందు, సోమవారం మొదలు గురువారం లోపల వెళ్లగలిగితే గదీ దొరుకుతుంది, నిద్రా దొరుకుతుంది.

అమ్మను 41 మెట్లు దింపడానికి పావుగంట పట్టింది. ఆటో దిగి ఆ ఇంటి అరుగు చూడగానే, లోపలికి రాకుండా అక్కడే కూర్చున్నది. అరచేత్తో అరుగు గచ్చు తడిమింది. "మా నాన్న సత్రంలో చోటు దొరక్క ఎవరింటి అరుగు మీదో పడుకున్నాట్ట. పదకొండు రోజులూను. పొద్దున్నే ఆ ఇంటావిడ లేపి గంజి ఇచ్చేదిట" అన్నది. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమన్నాను. "నువ్వెప్పుడడిగావు?" అన్నది. ఏ వీధో తెలుసా అంటే తెలియదన్నది. తమిళుల పేట అని మాత్రం తెలుసట.

సాయంత్రానికి ఎదురింటి ముసలమ్మ వచ్చి అరుగు రెండో కొసన కూర్చున్నది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు అరవం రాదు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు వచ్చు. గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆదివారం తెల్లవారుఝామున అయిదున్నరకి అమ్మ మా అందరికంటే ముందు లేచి జడ వేసుకుని కూర్చున్నది. మెల్లగా నడిచాం. కాలువ వంతెన మీద ఒకసారి, మణకుళ వినాయకుడి గుడి దగ్గర ఒకసారి ఆగాం. అక్కడ భక్తుల్ని తొండంతో దీవించే లక్ష్మి అనే ఏనుగు 2022 నవంబరులో చనిపోయిందని తెలిసి పిల్లవాడు ముఖం ముడుచుకున్నాడు. భారతి పార్కులో బెంచీ మీద మరికాసేపు. పది నిమిషాల దూరానికి ముప్పావుగంట పట్టింది. పట్టనివ్వండి, రోడ్డు మీద ఒక్క వాహనం లేదు.

గాంధీగారి విగ్రహం దగ్గరికి చేరేసరికి తూర్పు ఎర్రబడుతోంది. 1836 నాటి పాత దీపస్తంభం వెనకగా తెల్లగా నిలబడి వున్నది. అమ్మ పిట్టగోడ పట్టుకుని కిందికి చూసి నిలబడిపోయింది. కింద పెద్ద పెద్ద నల్లరాళ్లు, వాటికి కొట్టుకుంటూ నీళ్లు.

"ఇసుకేదిరా? ఇసుక మీద పడవలు బోర్లించి వుండేవన్నాడే మా నాన్న" అన్నది.

మా అమ్మాయి బళ్లో చదువుకున్నదీ, పక్కన వ్యాయామం చేస్తున్న ఒక పెద్దమనిషి చెప్పినదీ కలిపి మామ్మకు చెప్పింది. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి అలలతో నడుస్తూ వుంటుందట. 1980లలో దక్షిణాన ఏటి మొగదగ్గర హార్బరు కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. నడిచే ఇసుక ఆ గోడ దగ్గర ఆగిపోయింది. ఉత్తరాన వున్న పట్నానికి రాకడ తగ్గింది, పోకడ తగ్గలేదు. ఒడ్డు కోసుకుపోకుండా ఈ రాళ్లు పోశారు. తాతగారు చూసిన ఇసుక అబద్ధం కాదు. 2018 ప్రాంతంలో నీళ్ల అడుగున ఇనుముతో ఒక అడ్డుకట్ట దింపాక సెక్రటేరియట్ ఎదుట కొంత ఇసుక మళ్లీ చేరింది.

"ఎంత దూరమే అది?" అన్నది అమ్మ.

దూరం కాదు. నడిచాం. రాళ్లు ఆగినచోట పసుపుపచ్చగా ఇసుక మొదలయింది. ఈతకు దిగవద్దని బోర్డు వుంది; అలలు నిజంగానే గట్టివి, పిల్లవాడి చెయ్యి వదలలేదు నేను. అమ్మ చెప్పులు విడిచి, మనవరాలి భుజం పట్టుకుని దిగింది. ఒక అల వచ్చి చీర కుచ్చెళ్లు తడిపి పోయింది. ఏమీ అనలేదు. ఎదుటనున్న కచేరీ భవనం వంక తిరిగి చాలాసేపు చూసింది. తాతగారు కాయితం కోసం కూర్చున్న కచేరీ అదేనో కాదో మాలో ఎవరికీ తెలియదు. అడగబోతే మా ఆవిడ కళ్లతో వద్దన్నది.

తిరిగి వచ్చేసరికి ఏడున్నర దాటింది, కార్లు మొదలయ్యాయి. అమ్మ అరుగు మీద కూర్చుని కాళ్లకంటిన ఇసుక దులుపుకున్నది. "ఒరే, కాసిని మంచినీళ్లియ్యి" అన్నది పిల్లవాడితో. వాడు సీసా తెచ్చాడు. సగం తాగి, మూత పెట్టబోయి, మళ్లీ ఎత్తి మిగతా సగం కూడా తాగింది.

"సాయంత్రం ఎన్నింటికి బయలుదేరదాం?" అన్నది.